మెడికేర్ కార్డు నెంబరు ఒకటి – హ్యారీ ట్రూమన్ జీవితం

మన సంఘ కార్యదర్శి గారు ఈ ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని అడిగి నెల దాటింది. హెల్త్ కార్డుల గురించీ, రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించీ నాకంటె బాగా తెలిసిన మిత్రులు ఉన్నారు. నేనేమి వ్రాయాలా అని తటపటాయిస్తుండగా అమెరికా నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడు 1998లో కంప్యూటరు ఉద్యోగం మీద వెళ్ళి, అక్కడి పౌరసత్వం తీసుకుని స్థిరపడినవాడు. ఇప్పుడు 61 ఏళ్ళు. కంపెనీ వారు సిబ్బందిని తగ్గిస్తూ వాడిని కూడా ఇంటికి పంపారు. జీతం పోయిందన్న బాధ కంటె, జీతంతోపాటు ఆరోగ్య బీమా పోయిందన్న దిగులే వాడి గొంతులో ఎక్కువగా వినిపించింది. ప్రభుత్వ బీమా 65 నిండితేగాని రాదట. షుగరు, బి.పి. ఉన్న మనిషి ఈ నాలుగేళ్ళు ఎట్లా నెట్టుకురావాలి అన్నది వాడి బెంగ.

ఆ 65 ఎక్కడి నుంచి వచ్చింది, అసలు ఆ బీమా ఎవరి చలవ అని వెతుక్కుంటూ పోతే నేను హ్యారీ ట్రూమన్ దగ్గర తేలాను. మన తరం వాళ్ళకు ఆ పేరు వినగానే హిరోషిమా, నాగసాకి గుర్తుకు వస్తాయి. 1945 ఆగస్టులో ఆ రెండు నగరాల మీద ఆటంబాంబులు వేయించిన అధ్యక్షుడు ఆయనే. ఆ మచ్చ చెరిగేది కాదు, చెరపటం నా ఉద్దేశమూ కాదు. కాని అదే మనిషి అదే సంవత్సరం నవంబరులో, జబ్బు చేసిన ప్రతి అమెరికా వాడికీ వైద్యం అందాలని ఒక పథకం పట్టుకుని వారి పార్లమెంటు ముందు నిలబడ్డాడన్న సంగతి మనలో ఎక్కువమందికి తెలియదు. నాకూ ఈ మధ్యదాకా తెలియదు.

ట్రూమన్ 1884 మే 8న మిస్సోరి రాష్ట్రంలోని లామార్ అనే చిన్న ఊళ్ళో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. ఆయన పేరు మధ్య ఎస్ అనే అక్షరం ఉంటుంది. దానికి విస్తరణ లేదు. తాతలిద్దరి పేర్లలోనూ ఆ అక్షరం ఉండటంతో ఏ ఒక్కరి పేరూ పూర్తిగా పెట్టకుండా, ఇద్దరినీ సంతోషపెట్టటానికి అక్షరం మాత్రం ఉంచారట. మన ఇళ్ళలో పేరు పెట్టే దగ్గర జరిగే రాయబారాలు గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను. చిన్నప్పటి నుంచే చూపు బాగా తక్కువ. దళసరి కళ్ళద్దాలు విరిగిపోతాయన్న భయంతో తోటి పిల్లలతో ఆటలకు పోయేవాడు కాదు. పదేళ్ళ వయసులో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా సోకింది. దాని వల్ల కాళ్ళు చేతులు పడిపోయి కొన్ని నెలలు కదలలేక పోయాడు. తల్లి ఆ పిల్లవాణ్ణి పసిపిల్లల బండిలో పెట్టి తోసుకుంటూ తిప్పింది. అదృష్టవశాత్తు మళ్ళీ కోలుకున్నాడు.

1901లో హైస్కూలు చదువు అయిపోయే సమయానికి తండ్రి ధాన్యం వ్యాపారంలో పందేలు కాసి ఉన్నదంతా పోగొట్టుకున్నారు. కాలేజీ చదువు అక్కడితో సరి. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా అధ్యక్షులైన వారిలో కాలేజీ పట్టా లేనివారు ఈయన ఒక్కరే. రైలుమార్గం వేసే కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు వ్రాసే పని చేశారు. తరువాత కాన్సాస్ సిటీలో బ్యాంకు గుమాస్తా. ఇది చదివినప్పుడు, దాచుకోవటం ఎందుకు, నాకు ఆయన మీద ఒక విధమైన స్వజాతి అభిమానం కలిగింది. హాజరు పట్టీ వ్రాసి, అంకెలు కూడి, తప్పు వస్తే మళ్ళీ మొదటి నుంచి కూడిన చేయి అది.

1906లో తండ్రి రమ్మంటే ఉద్యోగం వదిలి గ్రాండ్‌వ్యూ దగ్గర పొలానికి వెళ్ళి పదకొండేళ్ళు వ్యవసాయం చేశారు. తండ్రి ఆ ప్రాంతపు రోడ్ల మరమ్మతు చూసే చిన్న ఉద్యోగంలో ఉండేవారు. ఒకనాడు దారికి అడ్డమున్న పెద్ద బండను కదిలించబోయి గిలక జబ్బు తెచ్చుకున్నారు. ఆపరేషను జరిగింది కాని నిలవలేదు. 1914లో పోయారు. పనిలో దెబ్బ తగిలి, ఆస్పత్రి పాలై, చేతికి రాకుండా పోయిన తండ్రిని చూసిన కొడుకు ఆయన.

మొదటి ప్రపంచ యుద్ధంలో, చూపు పరీక్షలో తప్పుతానేమోనని ఆ అక్షరాల అట్టను ముందే బట్టీ పట్టి సైన్యంలో చేరి, ఫ్రాన్సులో ఫిరంగి దళానికి కెప్టెనుగా పనిచేశారు. తిరిగి వచ్చి 1919లో చిన్ననాటి నుంచి ఎరిగిన బెస్ వాలెస్‌ను పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి 35 ఏళ్ళు. సైన్యంలో స్నేహితుడైన ఎడ్డీ జేకబ్‌సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో మగవారి దుస్తుల దుకాణం పెట్టారు. 1922లో అది మునిగింది. చాలామంది ఐ.పి. పెట్టి చేతులు దులుపుకునే చోట ఆయన అట్లా చేయక, పదిహేనేళ్ళపాటు అప్పులు తీర్చుకుంటూ వచ్చారు. చివరికి సెనేటరుగా ఉన్న రోజుల్లోనే, 1940లో, తల్లి ఉంటున్న పొలం తాకట్టు కింద పోయింది. దేశపు పెద్ద సభలో సభ్యుడై ఉండి తల్లి ఇంటిని నిలబెట్టలేకపోవటం ఎట్లాంటి అవమానమో వేరే చెప్పనక్కరలేదు.

దుకాణం మూతపడిన ఏడాదే ఆయన జాక్సన్ కౌంటీ జడ్జిగా ఎన్నికయ్యారు. జడ్జి అని పేరే గాని తీర్పులు చెప్పే పని కాదు. మన జిల్లా పరిషత్తు అధ్యక్షుని పని వంటిది. రోడ్లు, పన్నులు, దిక్కులేని వృద్ధుల కోసం కౌంటీ నడిపే ఆశ్రమం, అన్నీ ఆ కచేరీ కిందివే. డబ్బు లేక వైద్యం అందని మనుషులను ఆయన దగ్గరగా చూసినది ఆ రోజుల్లోనే. 1934లో సెనేటుకు ఎన్నికై, యుద్ధ కాంట్రాక్టులలో జరుగుతున్న దుబారాను బయటపెట్టిన సంఘానికి అధ్యక్షులై పేరు తెచ్చుకున్నారు. 1945 జనవరిలో ఉపాధ్యక్షుడు. 82 రోజులకు ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణించటంతో అధ్యక్షుడు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో వృద్ధాప్య పెన్షను చట్టం రూజ్‌వెల్ట్ కాలంలో 1935లో వచ్చింది. పెన్షను వయస్సు 65 అని అందులో పెట్టారు. మా మేనల్లుణ్ణి నేడు ఏడిపిస్తున్న అంకె ఇదే. ఆ చట్టంలో వైద్య బీమా కూడా చేర్చాలన్న ఆలోచన ఉండినా, డాక్టర్ల సంఘం అడ్డుపడితే పెన్షను కూడా పోతుందన్న భయంతో దానిని పక్కన పెట్టారు. ఈలోగా బీమా వేరే దారిలో పెరిగింది. 1929లో డల్లాస్ నగరంలోని బేలర్ ఆస్పత్రి వారు అక్కడి బడిపంతుళ్ళ దగ్గర నెలకు 50 సెంట్లు వసూలు చేసి, సంవత్సరానికి 21 రోజులు ఆస్పత్రిలో ఉంచుకునే ఏర్పాటు చేశారు. తరువాత పెద్దదైన బ్లూక్రాస్ బీమాకు అదే మూలం. యుద్ధకాలంలో 1942లో జీతాల పెంపును ప్రభుత్వం కట్టడి చేసినప్పుడు, జీతం పెంచలేని కంపెనీలు పనివారిని నిలుపుకోవటానికి ఆరోగ్య బీమా ఇవ్వసాగాయి. ఆ విధంగా బీమా ఉద్యోగానికి ముడిపడింది. ఉద్యోగం ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. కాని మనిషికి రోగాలు మొదలయ్యే వయసుకే ఉద్యోగం అయిపోతుంది. విడిగా కొనబోతే ముసలివారికి ప్రీమియం ఎక్కువ, లేదా అసలు ఇవ్వనే ఇవ్వరు.

ట్రూమన్ 1945 నవంబరు 19న కాంగ్రెసుకు, అంటే వారి పార్లమెంటుకు, ఒక సందేశం పంపారు. యుద్ధానికి పిలిచిన యువకులలో లక్షలాదిమంది శరీర దారుఢ్యం లేక వెనక్కి తిరిగిపోయిన సంగతి అందులో ఎత్తిచూపారు. ఆస్పత్రులు కట్టించటం, ప్రజారోగ్యం, మాతాశిశు సంరక్షణ, వైద్య విద్య, పరిశోధన, జబ్బుపడిన కాలానికి జీతనష్టం భర్తీ, వీటితోపాటు దేశమంతటికీ ఒకే ఆరోగ్య బీమా కావాలని కోరారు. సంపాదించేవారు తమ జీతం నుంచి చందా కట్టాలి. కట్టలేని పేదల చందా ప్రభుత్వం కట్టాలి. డాక్టర్లు ప్రభుత్వ నౌకర్లు కానక్కరలేదు, రోగి తనకు నచ్చిన డాక్టరు దగ్గరకే పోవచ్చు. ఇంతే ఆయన అడిగినది.

ఆస్పత్రుల నిర్మాణ చట్టం 1946లోనే వచ్చింది. బీమా మాత్రం రాలేదు. 1946 ఎన్నికలలో కాంగ్రెసు ప్రతిపక్షం చేతికి పోయింది. 1948లో ఆయన ఓడిపోతాడని పత్రికలన్నీ తేల్చినా గెలిచి, 1949లో మళ్ళీ బీమా మాట ఎత్తారు. అప్పుడు డాక్టర్ల సంఘం తన సభ్యులందరికీ తలకు 25 డాలర్లు విధించి, ప్రచారంలో ఆరితేరిన ఒక సంస్థను నియమించి, ఒక్క సంవత్సరంలోనే పదిలక్షల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. జబ్బు పిల్లవాడి మంచం పక్కన చింతాక్రాంతుడై కూర్చున్న డాక్టరు బొమ్మ ఒకటి ఉంది, ఇంగ్లాండు చిత్రకారుడు ల్యూక్ ఫిల్డెస్ వేసినది. ఆ బొమ్మ అచ్చువేసి డాక్టర్ల గదుల్లో అతికించి, రోగికీ వైద్యుడికీ మధ్య ప్రభుత్వం దూరబోతున్నదని చెప్పించారు. ఇది సోషలిస్టు వైద్యమని, కమ్యూనిజానికి మొదటి మెట్టని ప్రచారం చేశారు. 1950లో కొరియా యుద్ధం రావటంతో ఆ మాటే మరుగున పడిపోయింది. పరిపాలనలో ఇన్ని పనులు చేసినా ఈ ఒక్క ఓటమి తనను బాధించినంతగా మరేదీ బాధించలేదని ఆయన తరువాత చెప్పుకున్నారు.

ఓటమిలోనే ఒక గింజ మిగిలింది. అందరికీ బీమా ఇవ్వనివ్వకపోతే ముందు 65 నిండిన పెన్షనుదారులకైనా ఆస్పత్రి ఖర్చు ఇద్దామని ట్రూమన్ ప్రభుత్వంలో సాంఘిక భద్రత వ్యవహారాలు చూసే ఆస్కార్ ఈవింగ్ 1951లో ప్రతిపాదించారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

1953 జనవరి 20న ట్రూమన్ పదవి దిగి, భార్యతో రైలెక్కి ఇండిపెండెన్సు ఊళ్ళోని అత్తవారి పాత ఇంటికి చేరుకున్నారు. అప్పటికి మాజీ అధ్యక్షులకు పెన్షను అనేదే లేదు. ఆయనకు వచ్చేది సైనికోద్యోగపు పెన్షను, నెలకు 112 డాలర్ల 56 సెంట్లు. పెద్ద పెద్ద కంపెనీలు తమ బోర్డులలో కూర్చుంటే చాలు జీతమిస్తామన్నాయి. వారు కొనేది నన్ను కాదు, నా పూర్వపు పదవిని అని ఆయన ఒప్పుకోలేదు. స్వీయచరిత్ర వ్రాసి అమ్మారు. అందులో చాలా భాగం ఇన్‌కంటాక్సుకు పోయింది. తరువాత కుటుంబపు పొలం అమ్ముకున్నారు. 1958లో మాజీ అధ్యక్షులకు సంవత్సరానికి 25,000 డాలర్ల పెన్షను చట్టం వచ్చింది. ఆయన కష్టమే దానికి ముఖ్య కారణం. ఒక మాట దాచకూడదు. ఆయన చెప్పుకున్నంత పేదరికం నిజంగా లేదని, జీతంలో దాచినది బాగానే ఉన్నదని, కుటుంబపు కాగితాలు చూసిన ఒక లా ప్రొఫెసరు 2021లో వాదించారు. లెక్కలు చూస్తే ఆ వాదనలో పస ఉన్నట్టే తోస్తుంది. అయినా ఆ చట్టం తప్పని నేననను.

70వ ఏట, 1954లో, పిత్తాశయానికీ అపెండిక్సుకూ అత్యవసరంగా ఆపరేషను చేయవలసి వచ్చింది. మందులు పడక చాలా రోజులు ప్రమాదంలో ఉన్నారు. 1964 అక్టోబరులో, 80 దాటిన తరువాత, స్నానాల గదిలో కాలుజారి పడ్డారు. పక్కటెముకలు విరిగాయి, నుదురు చీరుకుంది. తెల్లవారుజామున గబగబ నడిచే అలవాటున్న మనిషి ఆ తరువాత ముందటిలా కోలుకోలేదు. బాత్‌రూములో పడటం అనేది ఎంతటివారికైనా తప్పదు కాబోలు. మన సభ్యులు గోడకు ఒక పట్టుకమ్మీ పెట్టించుకుంటే మంచిది.

ఈవింగ్ చల్లిన గింజను కెన్నెడీ నీళ్ళు పోసి పెంచబోయారు. 1962లో సెనేటులో 52–48 ఓట్లతో అది వీగిపోయింది. 1964 ఎన్నికలలో ఘనవిజయం పొందిన జాన్సన్ దానిని పట్టాలెక్కించారు. ఆనాటికి అక్కడి వృద్ధులలో దాదాపు సగం మందికి ఏ బీమా లేదు. మెడికేర్ అనే ఆ చట్టం మీద సంతకం చేయటానికి జాన్సన్ రాజధానిలో కూర్చోలేదు. 1965 జూలై 30న విమానంలో ఇండిపెండెన్సుకు వెళ్ళి, 81 ఏళ్ళ ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన పేరుతో వెలసిన గ్రంథాలయంలో సంతకం చేశారు. ట్రూమన్ దరఖాస్తుకు సాక్షి సంతకం కూడా జాన్సనే పెట్టారు. దేశాధ్యక్షుడు సాక్షిగా ఉన్న దరఖాస్తును ఏ సెక్షనులోనూ కొర్రీ వేసి వెనక్కి పంపలేరు కదా! మళ్ళీ 1966 జనవరి 20న జాన్సనే వచ్చి మొదటి నెంబరు కార్డు ట్రూమన్‌కు, రెండవ నెంబరు కార్డు ఆయన భార్యకు అందజేశారు.

1966 జూలై 1న పథకం అమలులోకి వచ్చేసరికి సుమారు కోటీ 90 లక్షల మంది చేరారు. ఆస్పత్రి ఖర్చులకు మొదటి భాగం. ఉద్యోగకాలంలో కట్టిన పన్నే దానికి చందా. రోగి మొదట 40 డాలర్లు భరిస్తే 60 రోజుల వరకు మిగిలినది ప్రభుత్వం చూసుకునేది. డాక్టరు ఫీజులకు రెండవ భాగం. దానికి నెలకు 3 డాలర్లు, ప్రభుత్వం మరో 3 డాలర్లు. నల్లవారిని వేరు వార్డులలో ఉంచే ఆస్పత్రులకు ఈ డబ్బు ఇవ్వమని తేల్చి చెప్పటంతో దక్షిణాది ఆస్పత్రులలో ఎన్నో ఏళ్ళ వివక్ష కొద్ది నెలల్లోనే చాలావరకు తొలగింది. దీనిని ఎందుకో ఎక్కువమంది చెప్పరు. లోట్లూ ఉన్నాయి. ఇంట్లో వాడే మందులకు 2006 వరకు ఆగవలసి వచ్చింది. పళ్ళు, వినికిడి యంత్రాలు, మామూలు కళ్ళజోళ్ళు మూల పథకంలో ఇప్పటికీ లేవు. చిన్నప్పటి నుంచి కళ్ళజోడుతో బ్రతికిన మనిషికి ఇచ్చిన మొదటి కార్డు ఆ కళ్ళజోడుకే పనికిరాలేదు!

మళ్ళీ మా మేనల్లుడి దగ్గరకు వస్తాను. ఇట్లాంటి పిల్లలు మన సభ్యులలో చాలామందికి ఉన్నారు గనుక కొంచెం వివరంగా చెప్తాను. ట్రూమన్ అడిగినది అందరికీ, దక్కినది 65 దాటినవారికి. అందుచేత 60 దగ్గర ఉద్యోగం వదిలినవాడు మధ్యలో పడిపోతాడు. వాడికి ఉన్న దారులు కొన్నే. భార్య ఉద్యోగం చేస్తుంటే ఆమె కంపెనీ బీమాలో చేరవచ్చు. మావాడి భార్యకు ఉద్యోగం లేదు. కోబ్రా అని ఒక చట్టం ఉంది. దాని ప్రకారం పాత కంపెనీ బీమానే మామూలుగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు, కాని కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన నూటికి రెండు నిర్వహణ ఖర్చు. మూడవది 2010 చట్టం కింద 2014 నుంచి నడుస్తున్న బీమా మార్కెట్టు. అక్కడ షుగరు ఉన్నదని కాదనటానికి వీల్లేదు. పెద్దవయసు వారికి ప్రీమియం 21 ఏళ్ళవాడి ప్రీమియానికి మూడు రెట్లకు మించకూడదు, ఆదాయాన్ని బట్టి కొంత సర్కారు సాయం కూడా దొరకవచ్చు. మావాడు కోబ్రా తీసుకోబోయి, రెండు ప్రీమియాలూ కాగితం మీద వేసి చూసుకుని, మార్కెట్టు వైపు మొగ్గుతున్నాడు. తన పాత డాక్టరు ఆ పథకంలో ఉన్నాడా లేడా అన్నది ఒక్కటే ఇంకా తేలలేదు.

65 దగ్గర ఇంకొక గుంట ఉంది. పుట్టిన నెలకు మూడు నెలల ముందు నుంచి మూడు నెలల తరువాత వరకు, మొత్తం ఏడు నెలల్లో మెడికేర్‌లో పేరు వ్రాయించుకోవాలి. ఆ తరువాత వస్తే డాక్టరు ఫీజుల భాగానికి, ఆలస్యమైన ప్రతి సంవత్సరానికీ నూటికి పది చొప్పున ప్రీమియం పెరిగి అది జీవితాంతం ఉంటుంది. తాను గాని భార్య గాని ఇంకా ఉద్యోగంలో ఉండి పెద్ద కంపెనీ బీమా ఉంటే ఆగవచ్చు. కోబ్రా ఉన్నది కదా అని ఆగితే మాత్రం అది లెక్కలోకి రాదు. చదువుకున్నవారు కూడా ఇక్కడ పొరపడుతున్నారు. మెడికేర్ భాగాలకు తోడుగా కొనే అదనపు ప్రైవేటు బీమాకు కూడా మొదటి ఆరు నెలలే అనుకూలం. తరువాత చాలా రాష్ట్రాలలో ఆరోగ్య పరీక్ష అడుగుతారు. పెన్షను పూర్తిగా వచ్చే వయసు 1960లోను, ఆ తరువాతను పుట్టినవారికి 67కు పెరిగింది గాని మెడికేర్ వయసు 65 దగ్గరే ఉన్నది. రెండూ ఒకటే అనుకుని 67 దాకా కూర్చోకూడదు. ఇంకొకటి, మన హెల్త్ కార్డులో భార్య పేరు కూడా ఉంటుంది. అక్కడ ఎవరి కార్డు వారిదే. మావాడికి 65 నిండిన నాడు వాడి భార్యకు 62. ఆమె కోసం ఆ మార్కెట్టు ప్రీమియం మరి మూడేళ్ళు కట్టాలి. 1966లో 3 డాలర్లున్న డాక్టరు భాగపు ప్రీమియం 2025లో 185 డాలర్లు.

పిల్లల దగ్గరకు వెళ్ళే మన సభ్యులకు ఒక మాట. చూడటానికి వెళ్ళినవారికి మెడికేర్ లేదు, మన కార్డు అక్కడి కౌంటరులో చెల్లదు. బయలుదేరే ముందే ప్రయాణ బీమా తీసుకుని, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో ఆ షరతు స్వయంగా చదువుకోవాలి. గ్రీన్‌కార్డు మీద ఉండిపోయే తల్లిదండ్రులు కూడా అక్కడ వరుసగా ఐదేళ్ళు నివసించిన తరువాతే, 65 నిండి ఉంటే, డబ్బు కట్టి చేరవచ్చు.

వికలాంగులకూ, మూత్రపిండాలు చెడినవారికీ 65 నిండకపోయినా మెడికేర్ ఇచ్చే సవరణ 1972 అక్టోబరులో చట్టమైంది. ఆ డిసెంబరు 5న ట్రూమన్ ఊపిరితిత్తులలో నెమ్ము చేరి కాన్సాస్ సిటీలోని రీసెర్చి ఆస్పత్రిలో చేరారు. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆపరేషను జరిగినదీ అక్కడే. మూడు వారాలు పెనుగులాడి డిసెంబరు 26 ఉదయం, 88వ ఏట కన్నుమూశారు. గ్రంథాలయం ఆవరణలోనే సమాధి చేశారు. రెండవ నెంబరు కార్డు గల బెస్ ట్రూమన్ ఆ పాత ఇంట్లోనే మరి పదేళ్ళు ఉండి, 1982 అక్టోబరులో 97వ ఏట పోయారు.